ఊటలో దొరికిన రుచి

మానుకోట దగ్గర మా బావకు మామిడి తోట ఉంది. రెండేండ్ల కింద ఏప్రిల్ నెలాఖరున ఒక రాత్రి గాలిదుమారం లేచింది. తెల్లారి పోయి చూస్తే చెట్ల కింద మట్టి కనబడలేదు. అంతటా కాయలే. ఇంకో ఇరవై రోజులు కొమ్మనంటుకొని ఉంటే పండయ్యేవి. రాలిన కాయకు మార్కెట్లో విలువ లేదు. దెబ్బ తగిలిన చోట నల్లబడుతుంది గనుక మాగబెట్టేవాళ్ళు ముట్టుకోరు. తొక్కు పెట్టుకునేవాళ్ళు మాత్రం తమకు తోచిన ధర ఇచ్చి తీసుకుపోతారు. బావ గోనెసంచులు నింపుతూ, "ఊరంత పంచినా ఒడవయి బావా ఇవి" అన్నాడు.

ఆ సాయంత్రం తోటలోనే మంచం వేసుకుని కూర్చున్నాం. నాకు విస్కీ సోర్ అంటే ఇష్టం. విస్కీ, నిమ్మరసం, చక్కెర, ఇంతే అందులో ఉండేది. ఐసు వేసి గట్టిగా గిలకొట్టి వడగడితే అయిపోతుంది. నేను జనగామ నుంచి వస్తూ ఐసు పెట్టె తెచ్చాను, చక్కెర తెచ్చాను, నిమ్మకాయలు మరిచిపోయాను. ఎండాకాలంలో నిమ్మకాయ ధర ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. బండి తీయబోతుంటే బావ ఆపాడు.

"సుట్టూత ఇంత పులుపు పడి ఉంటే నిమ్మకాయ కోసం బజారుకు పోవుడేంది?"

ఈ కథ ఆ ప్రశ్న దగ్గర మొదలైంది.

అప్పటికప్పుడు ఒక కాయ కోరి, గుడ్డలో పిండి, ఆ రసం విస్కీలో కలిపాను. చేతికి దొరికింది ఇత్తడి చెంబు. జనగామ పక్కన పెంబర్తిలో నేను కొనుక్కున్నదే. కాకతీయుల కాలం నుంచి లోహపు పనికి పేరుపడ్డ ఊరది. ఆ చెంబు చూడముచ్చటగా ఉంటుందని వెంట తెచ్చుకున్నాను. ఒక గుక్క తాగేసరికి నాలుక మీద చిలుము రుచి. మా అత్తమ్మ దూరం నుంచి చూసి, "కళాయి లేని ఇత్తడిల పులుసు పోస్తరా ఎవరన్నా?" అని చెంబు లాక్కుని బయట పారబోసింది. ఆ తప్పు నాది. అలంకారానికి చేసిన చెంబును నేను వంటగిన్నెలా వాడాను. గాజు గ్లాసులో మళ్ళీ కలిపాను. ఈసారి లోహపు వాసన లేదు గానీ రుచి కుదరలేదు. పులుపు ఒకవైపు, విస్కీ ఒకవైపు, మధ్యలో పీచు. రెండో రోజు కాయను ఉడకబెట్టి గుజ్జు తీసి వేస్తే గంజి తాగినట్టుంది. పచ్చి మామిడిలో పిండిపదార్థం ఉంటుంది. ఉడికితే అది చిక్కబడుతుంది. పప్పులోకి బాగుండే ఆ చిక్కదనం గ్లాసులో పనికిరాదు.

జనగామకు తిరిగొచ్చాక ఈ విస్కీ సోర్ అసలు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించింది. నిమ్మకాయ లేకుండా చెయ్యొచ్చా లేదా అన్నది తేలాలంటే, నిమ్మకాయ అందులోకి ఎట్లా వచ్చిందో ముందు తెలియాలి గదా. ఆ వెతుకులాట నన్ను అమెరికాకు తీసుకుపోతుందనుకున్నాను. తీసుకుపోయింది. కానీ అక్కడ ఆగకుండా వెనక్కి మళ్ళించి మన తీరంలోనే దింపింది.

బాపట్ల జిల్లాలో నిజాంపట్నం ఉంది. ఇప్పుడది చేపల రేవు. 17వ శతాబ్దపు ఇంగ్లీషు వర్తకుల కాగితాల్లో దాని పేరు పెటపోలి. 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఈస్టిండియా కంపెనీ వర్తకులు అక్కడ దిగి, తరువాత మచిలీపట్నం చేరారు. మన నేత బట్టల కోసం వచ్చారు వాళ్ళు. ఆ పెటపోలిలో ఉన్న థామస్ కాలీ అనే వర్తకుడికి రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి 1632 సెప్టెంబరు 28న ఒక ఉత్తరం రాశాడు. అందరూ కలిసి ఇల్లు చక్కగా నడుపుకొమ్మని, పంచ్ తాగమని అందులో ఒక మాట ఉంది. ప్రపంచంలో 'పంచ్' అనే పానీయం పేరు రాతలో కనబడేది మొట్టమొదట ఆ ఉత్తరంలోనే అని చరిత్రకారులు చెబుతారు. ఇవాళ ప్రపంచమంతా తాగే కాక్‌టెయిళ్ళలో చాలావాటికి తాత ఆ పంచ్. దాని తొలి ఆనవాలు తెలుగు రేవులో ఉన్న మనిషికి చేరిన కాగితం మీద ఉంది.

ఆ పంచ్ ఎందుకు పుట్టిందో చూస్తే మా తోటలో జరిగింది గుర్తుకొస్తుంది. ఓడల్లో తెచ్చుకున్న బీరు, ద్రాక్షసారా ఈ ఎండకు పాడయ్యేవి. దొరికేది ఇక్కడి సారా. తాటి, ఈత కల్లు నుంచీ బెల్లం నుంచీ దించినది. దాన్ని నేరుగా తాగలేరు. మరి చుట్టూ ఏముంది? నిమ్మకాయ ఉంది, బెల్లం ఉంది, నీళ్ళున్నాయి, సుగంధద్రవ్యాలు ఉన్నాయి. ఉన్నవాటితో సారా కోపం తగ్గించారు. 1670లలో మచిలీపట్నం మీదుగా తిరిగిన జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు తన పుస్తకంలో, అయిదు వస్తువులు కలిపి చేస్తారు గనుక ఇక్కడి భాషలో అయిదు అన్న మాటే దీని పేరయిందని రాశాడు. ఆ పుస్తకం 1698లో అచ్చయింది. పీపాకు ఉన్న ఇంగ్లీషు పేరు నుంచి ఈ మాట వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. పేరు మాట ఎట్లా ఉన్నా, ఆ అయిదు వస్తువులూ ఇక్కడి అంగట్లో దొరికేవే అన్నదాంట్లో వివాదం లేదు.

అక్కడి నుంచి కథ వేగంగా నడిచింది. పంచ్ ఓడలెక్కి ఇంగ్లాండు పోయింది, కరీబియన్ దీవులకు పోయింది, అమెరికా పోయింది. సారా దొరకని చోట రమ్ వేశారు, రమ్ దొరకని చోట బ్రాందీ వేశారు. పదిమంది చుట్టూ కూర్చుని గుండిగలోంచి గరిటెతో ముంచుకునే తీరిక అమెరికా పట్టణాల్లో తగ్గాక, ఒక్క మనిషికి ఒక్క గ్లాసు కలపడం మొదలైంది. స్పిరిట్, పులుపు, తీపి మాత్రమే మిగిలిన ఆ చిన్న పంచ్‌కు 'సోర్' అని పేరు పెట్టారు. అంటే మన భాషలో పులుపే. 1862లో జెర్రీ థామస్ అనే అమెరికన్ అచ్చువేసిన కలిపే పద్ధతుల పుస్తకంలో ఈ సోర్‌లు ఉన్నాయి. 1870లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక పత్రికలో విస్కీ సోర్ పేరు కనబడుతుంది. అదే కాలంలో ఫ్రాన్సు ద్రాక్షతోటల వేళ్ళను ఫిలాక్సెరా అనే పురుగు తినేసింది. బ్రాందీకి కొరత వచ్చింది. ఇంగ్లాండులో ఆ ఖాళీలోకి విస్కీ దూరింది.

ఇదంతా చదివాక నాకు స్పష్టమైంది ఒక్కటే. ఈ పానీయం చరిత్రలో ప్రతి మలుపూ ఒక లోటు దగ్గర తిరిగింది. ఏది లేదో దాని కోసం ఏడవకుండా ఏది ఉందో దాన్ని చేతికి తీసుకున్నవాళ్ళే దీన్ని ముందుకు నడిపారు. నిమ్మకాయ కూడా పెటపోలి రోజుల్లో అక్కడ చెట్టుకు ఉంది గనుకే ఎక్కింది. చెట్టుకు మామిడి ఉన్నప్పుడు మామిడి ఎక్కితే అది ఆచారం తప్పడం కాదు, ఆచారం పాటించడమే. బావ అడిగిన ప్రశ్న నాలుగు వందల ఏండ్ల కిందటిదని అప్పుడు తెలిసింది.

ప్రశ్న సరైనదని తెలిసింది గానీ రుచి ఇంకా కుదరలేదు. దారి అత్తమ్మ చూపింది. అదీ నాకోసం కాదు, తన పనిలో తాను ఉండగా.

నేను మళ్ళీ తోటకు పోయేసరికి రాలిన కాయలతో ఆమె తొక్కు పెడుతోంది. కాయల్ని తొడిమ దగ్గర కోసి, సొన పోయేదాకా రెండు నీళ్ళల్లో కడిగి, తుడిచి ముక్కలు కొట్టింది. ఉప్పు పట్టించి జాడీలో వేసి వాసెన కట్టింది. రెండో రోజు జాడీ తీసి ముక్కల్ని పిండుతుంటే అడుగున ఊట కనబడింది. లేత పసుపు రంగు, అద్దంలా తేట. పీచు లేదు, పిండి లేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు కింద మామిడి మొత్తం ఉంది. పులుపు ఉంది, తొక్కలోని వగరు ఉంది, కాయ కొరికినప్పుడు ముక్కుకు తగిలే ఆ పచ్చి వాసన ఉంది.

"అత్తమ్మా, ఉప్పు బదులు బెల్లం వేస్తే ఊట ఊరుతదా?"

"ఊరకేమైతది? ఉప్పు లాగినట్టే బెల్లం లాగుతది. కని ఎక్కువ రోజులు ఆగది, పొంగుతది."

ఆ మాటల్లో శాస్త్రం మొత్తం ఉంది. ఉప్పయినా బెల్లమయినా ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. నీటితోపాటు పులుపు, వాసన దిగుతాయి. పీచు, పిండి ముక్కలోనే ఉండిపోతాయి. నేను పిండి, ఉడికించి బలవంతంగా తీయబోయిందాన్ని బెల్లం ఒక్క రాత్రిలో నెమ్మదిగా దించుతుంది. పంచ్ చేసిన పాతకాలపు వాళ్ళకూ ఇలాంటి కిటుకు ఉండేది. నిమ్మతొక్కను చక్కెరలో నలిపి వదిలేస్తే తొక్కలోని నూనె చక్కెరలోకి దిగేది. బార్లలో దాన్ని ఇప్పటికీ ఓలియో శాకరమ్ అనే లాటిన్ పేరుతో పిలుస్తారు. మన ఇండ్లల్లో దాని పేరు ఊట. తొక్కు పెట్టే ప్రతి ఇల్లాలికీ తెలిసిన పని అది.

కిలో ముక్కలకు పావుకిలో తరిగిన బెల్లం, అర చెంచా ఉప్పు. పైతొక్క తీయకూడదు, వాసన అందులోనే ఉంది. గాజు సీసాలో వేసి ఒక రాత్రి బయట ఉంచి, తెల్లారి వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం విస్కీలో కలిపి, మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో ఐసుతో గిలకొట్టి పోశాను. బావ ఒక గుటక వేసి, గ్లాసు వైపు చూసి, ఇంకో గుటక వేశాడు. "ఇగో, ఇప్పుడు కలిసింది" అన్నాడు. నిజంగానే కలిసింది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మన దుకాణాల్లో దొరికే మామూలు రకం విస్కీల్లో చాలావాటికి మూలం ధాన్యం కాదు, చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్. బెల్లమూ చెరకు బిడ్డే. ఒక తల్లి పిల్లలు ఒక గ్లాసులో పడితే జగడం తక్కువ.

అయినా ఏదో వెలితి ఉంది. బెల్లం తీపి ముందుగా వచ్చి ముందుగానే పోతోంది. చివర్లో నిలిచే తీపి కావాలి. అది భూపాలపల్లి అడవి నుంచి వచ్చింది.

అత్తమ్మ తల్లిగారి ఊరు మహదేవపూర్ దిక్కు. వేసవిలో అక్కడి చుట్టాలు ఎవరొచ్చినా ఎండబెట్టిన ఇప్పపువ్వు ఒక సంచి తెస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూస్తుంది. పువ్వు రాత్రి పూసి తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకు ఊడ్చి నేల శుభ్రం చేసి పెట్టుకుని, సూర్యుడు ఎక్కకముందే గంపలతో ఏరుకుంటారు. కండగల పువ్వు, పట్టుకుంటే వేళ్ళకు జిగురు తగిలేంత తీపి. నాలుగు రోజులు ఎండితే ఎండుద్రాక్ష రంగుకు తిరుగుతుంది. ఇప్పపువ్వు అనగానే సారా గుర్తొస్తుంది అందరికీ. అడవి పల్లెల్లో అది ముందు తిండి. "మా చిన్నప్పుడు చక్కెర ఏడ కొన్నం? ఇప్పపువ్వు ఉడకబెట్టుకొని తినెటోళ్ళం, చింతగింజలు కలుపుకొని దంచుకునెటోళ్ళం" అంటుంది అత్తమ్మ.

రెండు గుప్పిళ్ళ ఎండుపువ్వు కడిగి, లోపలి కేసరాలు దులిపి, రాత్రంతా నానబెట్టాను. పొద్దున అదే నీళ్ళలో సన్నసెగ మీద ఉడికించి, పిండకుండా వడగట్టి, లేత పాకం వచ్చేదాకా మరిగించాను. వాసన గురించి చెప్పాలంటే, ఎండుద్రాక్ష వాసన ఒకటి, దాని వెనక తొలకరికి తడిసిన ఆకుల వాసన ఒకటి. పీపాలో ఊరిన మంచి విస్కీలో కొందరు వెతుక్కునే వాసన అదే. పది మిల్లీలీటర్లు చాలు. ఎక్కువైతే మామిడిని మింగేస్తుంది.

అట్లా లెక్క తేలింది. విస్కీ 45 మిల్లీలీటర్లు, మామిడి ఊట 30, ఇప్పపువ్వు పాకం 10. ఐసు నిండా వేసి డబ్బా చేతిని కొరికేంత చల్లబడేదాకా గిలకొట్టాలి. గ్లాసు అంచుకు సగం వరకే ఉప్పూకారం అద్దాలి. బడిపిల్లలు కాగితంలో కట్టించుకుని పచ్చిమామిడి ముక్కకు అద్దుకునేదే, మానుకోట మిరపకాయ కారం. కారం కావలసినవాళ్ళు అటువైపు తాగుతారు, వద్దన్నవాళ్ళు ఇటువైపు.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మేం మానుకోట అనే మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. కలిపింది జనగామ మనిషి, కాయా కారమూ మానుకోటవి, పువ్వు భూపాలపల్లిది. అనుకుని చేసింది కాదు. ఒక ఇంటి చుట్టరికాలు ఎటు అల్లుకుంటే గ్లాసులోకి అవి వచ్చాయి.

ఒక రుచి కుదిరాక మనసు ఊరుకోదు. ఆ ఏడాదంతా చెట్లు ఏమిస్తే దాంతో కలిపి చూశాం. జూన్, జూలైలో నేరేడు. వగరు బాగా పట్టింది, రంగు కన్నుల పండువ. కానీ పులుపు చాలక నిమ్మ తోడు కావలసి వచ్చింది. సెప్టెంబరు దాటాక గుట్టల మీది సీతాఫలం. ఎంతో ఆశపడ్డాను గానీ కుదరలేదు. దానిలో పులుపే లేదు. సోర్‌కు ప్రాణమే పులుపు గనుక అది పాయసంలా మిగిలిపోయింది. పైగా గింజ నలగకుండా గుజ్జు తీయాలి, ఆ గింజలో విషగుణం ఉంది. సంక్రాంతికి రేగుపండ్లు. బెల్లంలో ఊరవేస్తే మామిడి తరువాత మామిడంత నిలిచింది ఇదే. ఫాల్గుణంలో చింతపండు. ఒక చెంచాతో గ్లాసంతా ఆక్రమించేంత పులుపు, చాలా తగ్గించి వాడాలి. నిమ్మలో ఉండేది సిట్రిక్ ఆమ్లం, చింతలో టార్టారిక్, పచ్చిమామిడిలో సిట్రిక్‌తో పాటు మాలిక్ ఆమ్లం. మూడూ నాలుక మీద మూడు చోట్ల తగిలినట్టుంటాయి. ఇంగ్లీషులో సోర్ అనే ఒక్క మాటకింద పడి ఉన్నదాన్ని మనవాళ్ళు ఏ కూరకు ఏ పులుపో విడివిడిగా ఎంచుకుని వేస్తారు. పప్పుకు మామిడి, చారుకు చింతపండు, పులిహోరకు దబ్బ. ఆ ఎంపిక తెలిసిన నాలుకకు ఈ గ్లాసు కొత్తది కాదు.

ఒక మాట చెప్పకుండా ఈ కథ ముగించలేను. మందు గురించి రుచిగా రాయడం తేలిక. దాని వల్ల కూలిన ఇండ్లు ఈ జిల్లాల్లో తక్కువేమీ లేవు. గుడుంబాకు మనుషుల్ని పోగొట్టుకున్న తండాలు నేను చూశాను. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేపిన ఉద్యమం 1992లో అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అది సడలింది గానీ వాళ్ళు అడిగిన ప్రశ్న సడలలేదు. అందుకే మా తోటలో ఒక కట్టుబాటు ఉంది. మనిషికి ఒక్క గ్లాసు. నెమ్మదిగా, తిండితో. బండి తాళం అత్తమ్మ కొంగుకు. ఇంత కష్టపడి ఊరబెట్టిన రుచి మత్తులో మునిగిపోతే ఆ కష్టమంతా దండగ. రుచి కోసం తాగేవాడికి ఒక్క గ్లాసు చాలు. రెండోది అడిగేది నాలుక కాదు.

మొన్నటి వేసవిలో ఊట వడగడుతుంటే అత్తమ్మ వచ్చి, "నాకు మందు లేకుంట కలుపు" అంది. ఊటలో చల్లటి కుండ నీళ్ళు పోశాను. ఆమె తానే లేచి మిరియాలు దంచి వేసింది, శొంఠి రాల్చింది. రెండు గుక్కలు తాగి తృప్తిగా తల ఊపింది. నేను ఆమెకు పెటపోలి ఉత్తరం సంగతి చెప్పాను. నాలుగు వందల ఏండ్ల కింద తెల్లోళ్ళు మన తీరంలో తాగిన దాని పేరు పంచ్ అనీ, అయిదు వస్తువులు కలిపేవాళ్ళు గనుక ఆ పేరు వచ్చిందంటారనీ చెప్పాను.

అత్తమ్మ గ్లాసు కింద పెట్టి వేళ్ళు ముడిచింది. "బెల్లం. మామిడికాయ. నీళ్ళు. మిరియం. శొంఠి." అయిదో వేలు ముడిచి పిడికిలి నా ముందు పెట్టింది.

"గిది మా పానకమే గదా కొడుకా. శ్రీరామనవమికి గుళ్ళె పోసేది. ఆళ్ళు దాంట్ల సారా పోసుకున్నరు, గంతే."

చెట్టు కింద అప్పుడే ఒక కాయ రాలింది. ఆమె లేచిపోయి దాన్ని ఏరుకుని, కొంగుకు తుడిచి, కడగడానికి పక్కన పెట్టింది.